ముందు చక్రం పెద్దది, వెనక చక్రం చిన్నది: రాళ్లబాట మోటారు సైకిళ్ల నిర్మాణం

తారు రోడ్డు వదిలి రాళ్లబాట, ఇసుక, బురద, కొండదారి పట్టడానికి తయారైన మోటారు సైకిళ్లలో చాలావాటికి ముందు చక్రం పెద్దగా, వెనక చక్రం చిన్నగా ఉంటుంది. ముందు రిమ్ము 21 అంగుళాలు, వెనక రిమ్ము 18 అంగుళాలు ఉండడం ఎక్కువగా కనిపించే జత. మట్టి మైదానంలో దూకుళ్ల పోటీలకు వాడే మోటోక్రాస్ బళ్లకు 21, 19 ఉంటాయి. దూరప్రయాణాల కోసం చేసిన అడ్వెంచర్ బళ్లకు 21, 17 గానీ 19, 17 గానీ ఉంటాయి. మనం రోజూ చూసే స్ప్లెండర్‌కు రెండూ 18 అంగుళాలే, టీవీఎస్ ఎక్సెల్‌కు రెండూ 16 అంగుళాలే. అలవాటైన ఈ సమానత్వాన్ని తయారీదారులు ఎందుకు వదులుకున్నారో తెలియాలంటే రెండు చక్రాలూ చేసే పనిని విడివిడిగా చూడాలి. ముందు చక్రం అడ్డు వచ్చినదాన్ని ఎక్కాలి, దారి పట్టాలి. వెనక చక్రం బరువు మోయాలి, బండిని నెట్టాలి. ఒకే కొలత చక్రం ఈ రెండు పనులకూ సమానంగా సరిపోదు.

ఈ వ్యాసంలో ఉదాహరణలకు నేలగా నంద్యాల జిల్లా బేతంచెర్లను తీసుకున్నాను. రాయి మీద చక్రం ఎలా నడుస్తుందో చెప్పడానికి ఇంతకంటే తగిన చోటు రాయలసీమలో అరుదు.

బేతంచెర్ల నేల

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా బేతంచెర్ల కర్నూలు జిల్లాలో ఉండేది. ఎర్రమల కొండల మధ్య ఉన్న ఈ ఊరి పేరు చెప్పగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది నాపరాయి. ఇళ్లలో, బడుల్లో, సత్రాల్లో పరిచిన నున్నటి బండల్లో ఎన్నో ఇక్కడి గనుల్లోంచి వెళ్లినవే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు రాతి పొరలకు ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టారు. బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అన్నవి కర్నూలు రాతి సమూహంలో ఒకదానిమీద ఒకటి పేరుకున్న పొరలు. పలకలుగా చీలి బండలయ్యేది వీటిలో నార్జి సున్నపురాయి.

రాయి పలకలుగా చీలడం గని యజమానికి వరం, టైరుకు గండం. మంచి బండ తీసుకోగా మిగిలిన ముక్కలు గని చుట్టూ గుట్టలుగా పడతాయి, బాటల మీదికి జారతాయి. వాగులో దొర్లి నునుపెక్కిన గుండ్రాయిలా కాక ఈ ముక్కలకు పదునైన అంచులుంటాయి. కొన్ని బాటలో అడ్డంగా మెట్టులా నిలబడి ఉంటాయి, కొన్ని చక్రం కింద పడగానే పక్కకు తిరుగుతాయి. కొండ దిగి తూర్పుగా కుందేరు పరీవాహకానికి వెళ్తే నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలు బారి, వాన పడితే చక్రానికి మడ్‌గార్డు దాకా అంటుకునే నేల అది. మధ్యలో గరుసు, కంకర. ఒకే పూట ప్రయాణంలో మూడు రకాల నేలలు ఎదురవుతాయి.

రాయి ఎక్కడంలో లెక్క

నేల మీద కదలకుండా ఉన్న రాయికి చక్రం తగిలినప్పుడు ఆ తగిలిన చోటే తాత్కాలికంగా ఇరుసులా పనిచేస్తుంది. చక్రం దాని చుట్టూ తిరిగి పైకి లేవాలి. చక్రం ఎంత పెద్దదైతే తగిలే చోటు దాని ఇరుసుకు అంత కిందుగా ఉంటుంది. రాయి తిరిగి నెట్టే నెట్టులో ఎక్కువ భాగం పైకి, తక్కువ భాగం వెనక్కి పోతుంది. చిన్న చక్రానికి ఇదే రాయి ఎదురుగా, దాదాపు గోడలా తగులుతుంది.

దీన్ని అంకెల్లో చూడొచ్చు. వేగాన్నీ షాక్ అబ్జార్బర్ల సాయాన్నీ పక్కనపెట్టి, చక్రాన్ని నిదానంగా నెట్టి 10 సెంటీమీటర్ల రాయి ఎక్కించాలనుకుందాం. హీరో ఎక్స్‌పల్స్ 200 ముందు టైరు కొలత 90/90-21. టైరుతో కలిపి దాని వ్యాసం దాదాపు 695 మిల్లీమీటర్లు. ఆ చక్రం మీద ఎంత బరువుందో దాదాపు అంత బలంతో ముందుకు నెట్టాలి, కచ్చితంగా చెప్పాలంటే 0.99 రెట్లు. 600 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్ప్లెండర్ తరహా చక్రానికి ఈ బలం 1.12 రెట్లు కావాలి. 533 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉండే ఎక్సెల్ చక్రానికి 1.25 రెట్లు. రాయి 15 సెంటీమీటర్లయితే తేడా ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఆ మూడు చక్రాలకూ వరుసగా 1.45, 1.73, 2.06 రెట్ల బలం కావాలి. అంటే అదే రాయి, అదే బరువు అయినా ఎక్సెల్ చక్రాన్ని ఎక్కించడానికి 21 అంగుళాల చక్రం కంటే నలభై శాతానికి పైగా ఎక్కువ బలం పెట్టాలి. ఎక్సెల్ చక్రం టైరుతో సహా ఎంత ఎత్తుంటుందో, ఎక్స్‌పల్స్ ముందు రిమ్ము ఒక్కటే దాదాపు అంత ఉంటుంది. ఇంత చిన్న చక్రాలతో గని బాటల మీద బరువులు మోస్తూ ఎక్సెల్ నడిపేవాళ్ల చేతి ఒడుపు నిజంగా గొప్పది. వేగం తగ్గించి, రాయిని తప్పించి, అవసరమైతే దిగి నెట్టి, చక్రం చేయలేని పనిని వాళ్లు చేస్తారు.

గుంటల విషయంలోనూ పెద్ద చక్రానిదే మెరుగు. 20 సెంటీమీటర్ల వెడల్పు సందులోకి 695 మిల్లీమీటర్ల చక్రం 15 మిల్లీమీటర్లు దిగితే, 533 మిల్లీమీటర్ల చక్రం దాదాపు 20 మిల్లీమీటర్లు దిగుతుంది. రేగడి నెర్రెలకూ, బండల మధ్య సందులకూ ఈ లెక్కే వర్తిస్తుంది.

మరి వెనక చక్రం కూడా అదే రాయి ఎక్కాలి కదా అన్న ప్రశ్న వస్తుంది. ఎక్కాలి, కానీ దాని పరిస్థితి వేరు. ముందు చక్రం రాయికి తగిలి ఆగిపోతే వెనకనుంచి వచ్చే వేగమంతా మనిషిని హ్యాండిల్ మీదుగా తోసేస్తుంది. ముందు చక్రం పక్కకు జారితే బండి పడిపోవడం దాదాపు ఖాయం. వెనక చక్రం తగిలి ఎగిరినా, కాస్త పక్కకు జారినా, ముందు చక్రం దారి పట్టి ఉన్నంతసేపు బండి సర్దుకుంటుంది. పైగా వెనక చక్రానికి ఇంజను బలం ఉంది. ముందు చక్రాన్ని ఎవరో నెడితే అది రాయి ఎక్కాలి, వెనకది తనంతట తాను తిరుగుతూ టైరు గుబ్బలతో రాయిని పట్టుకుని పాకుతుంది. అందుకే వ్యాసం పెద్దదవడం వల్ల వచ్చే లాభం ముందు చక్రానికి అత్యవసరం, వెనకదానికి అంత కాదు.

ముందు చక్రం సన్నగా ఎందుకుంటుంది

21 అంగుళాల ముందు టైరు పెద్దదే గానీ సన్నది, సాధారణంగా 80 లేదా 90 మిల్లీమీటర్ల వెడల్పు. సన్నటి టైరు మెత్తటి నేలలోకి దిగి, కింద గట్టి పొరను వెతుక్కుంటుంది. వెడల్పు టైరయితే బురద మీద తేలి పక్కకు పోతుంది. రాళ్ల మధ్య సన్నటి టైరుకు దారి సులువుగా దొరుకుతుంది, పక్కనున్న రాయి అంచు తగిలి హ్యాండిల్ మెలిపడడం తగ్గుతుంది.

తిరుగుతున్న పెద్ద చక్రానికి తన తలంలోనే నిలబడాలన్న పట్టుదల ఎక్కువ. బరువు అంచున ఉన్నకొద్దీ ఆ పట్టుదల పెరుగుతుంది. దీనికి తోడు, ఫోర్కు వాలు మారకుండా చక్రం పెద్దదైతే ట్రెయిల్ పెరుగుతుంది. హ్యాండిల్ ఇరుసు గీత నేలను తాకే చోటుకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరమే ట్రెయిల్. అది పెరిగితే హ్యాండిల్ దానంతట అది నేరుగా రావడానికి ప్రయత్నిస్తుంది. చిన్న రాయి తగిలినంతమాత్రాన చేతుల్లోంచి లాగేసుకోదు.

ఇదే గుణం తారు రోడ్డు మలుపుల్లో భారమనిపిస్తుంది. పెద్ద చక్రం వాలడానికి మొండికేస్తుంది, సన్నటి టైరుకు బ్రేకు పట్టు తక్కువ, పైగా వ్యాసం పెరిగినకొద్దీ అదే డిస్కు బ్రేకు నేల దగ్గర చూపే బలం తగ్గుతుంది. అందుకే తారు మీదే ఎక్కువ తిరిగే అడ్వెంచర్ బళ్లకు 19 అంగుళాల ముందు చక్రం పెడతారు. బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్, సుజుకీ వీ-స్ట్రామ్ 650, మన రాయల్ ఎన్‌ఫీల్డ్ స్క్రామ్ 411 ఈ తరహావి. అదే కంపెనీ హిమాలయన్ 411, 2022లో వచ్చిన స్క్రామ్ 411 దాదాపు ఒకే యంత్రం. ముఖ్యమైన తేడా ముందు చక్రం 21 నుంచి 19కి తగ్గడమే. ఆ ఒక్క మార్పుతోనే నడక తీరు మారిందని రెండూ నడిపినవారికి వెంటనే తెలుస్తుంది.

పెద్దదైతే మేలన్న సూత్రానికీ ఒక హద్దుంది. హోండా 1978లో ఎక్స్ఎల్ 250ఎస్ బండికి ఏకంగా 23 అంగుళాల ముందు చక్రం పెట్టింది. కొన్నేళ్లకే దాన్ని వదిలి 21కి తిరిగొచ్చింది. 23 అంగుళాలకు టైర్ల ఎంపిక చాలా తక్కువ, చక్రం బరువు, హ్యాండిల్ మొండితనం ఎక్కువ. రాయి ఎక్కడంలో అదనంగా వచ్చిన సులువు ఈ నష్టాలకు సరితూగలేదు. గతుకుల నేలకు 21 అంగుళాలు నిలబడిపోవడం వెనక ఇలాంటి ప్రయోగాలు ఉన్నాయి.

వెనక రిమ్ము చిన్నదే, టైరు కాదు

ఈ విషయంలో చాలామంది రిమ్ము అంకెలు చూసి పొరబడతారు. 21, 18 అనగానే వెనక చక్రం మూడంగుళాలు చిన్నదనుకుంటారు. ఎక్స్‌పల్స్ 200 వెనక టైరు 120/80-18. వెడల్పు 120 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 96 మిల్లీమీటర్లు. రిమ్ముకు రెండు వైపులా ఆ గోడ కలిపితే మొత్తం వ్యాసం 649 మిల్లీమీటర్లు. ముందుది 695. రిమ్ముల మధ్య తేడా 76 మిల్లీమీటర్లుంటే, నేల మీద నిలబడే చక్రాల మధ్య తేడా 46 మాత్రమే. కిలోమీటరు దూరానికి ముందు చక్రం 458 సార్లు తిరిగితే వెనకది 490 సార్లు తిరుగుతుంది. మోటోక్రాస్ బండిలో 80/100-21, 110/90-19 టైర్లుంటే మొత్తం వ్యాసాల తేడా పదమూడు మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. చిన్న రిమ్ము పెట్టింది చక్రాన్ని చిన్నది చేయడానికి కన్నా, రిమ్ముకూ నేలకూ మధ్య ఎక్కువ రబ్బరు, ఎక్కువ గాలి ఉంచడానికి.

ఆ గాలి విలువ బేతంచెర్ల బాట మీద బాగా తెలుస్తుంది. మనిషి, సామాను, ఎక్కేటప్పుడు వెనక్కి వాలే బరువు, ఇంజను నెట్టు, ఇవన్నీ వెనక టైరు మీదే పడతాయి. పదునైన నాపరాయి అంచు మీద టైరు గట్టిగా పడితే గోడ నలిగి, రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు చిక్కుకుని రెండు చోట్ల చీలుతుంది. గోడ పొడుగ్గా ఉంటే రాయి రిమ్ముదాకా చేరకముందే గాలి ఆ దెబ్బను తీసుకుంటుంది. గాలి కాస్త తగ్గించినా రిమ్ము క్షేమంగా ఉంటుంది. గాలి తగ్గితే టైరు నేలమీద పరుచుకుని పట్టు పెరుగుతుంది. రాళ్లు, దుంగల మీద కాలు పెట్టకుండా నడపాల్సిన ట్రయల్స్ పోటీల్లో ఈ గుణాన్ని చివరిదాకా వాడుకుంటారు. అక్కడ వెనక టైరులో నాలుగైదు పీఎస్ఐ గాలి మాత్రమే ఉంచుతారు, అందుకే వెనక 18 అంగుళాల రిమ్ము మీద ఎత్తైన టైరు వేస్తారు.

మోటోక్రాస్‌కు 19, ఎండ్యూరోకు 18 ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. రెండూ మట్టి బళ్లే, తరచు ఒకే కంపెనీ ఒకే ఇంజనుతో చేస్తుంది. మోటోక్రాస్ మైదానం మనుషులు తీర్చిదిద్దిన మట్టి. అక్కడ రాళ్లు తక్కువ, దూకుళ్లు, గాడి మలుపులు ఎక్కువ. గోడ పొట్టిగా ఉన్న టైరు మెలిపడకుండా వెంటనే స్పందిస్తుంది. ఎండ్యూరో బండి అడవిలో, వాగులో, రాళ్లలో గంటల తరబడి నడవాలి. స్పందన కాస్త మందగించినా, పంక్చరు కాకుండా ఇంటికి రావడం ముఖ్యం. కాబట్టి 18. నాపరాళ్ల బాటకు సరిపోయేది ఈ రెండో పద్ధతే.

బండి కొలతలు కూడా వెనక చక్రాన్ని పరిమితం చేస్తాయి. ఎక్స్‌పల్స్ వెనక షాక్ అబ్జార్బర్ కదలిక 170 మిల్లీమీటర్లు, 2016లో వచ్చిన హిమాలయన్‌ది 180. గుంటలో పడినప్పుడు చక్రం అంత ఎత్తు లేవాలి, సీటుకూ మడ్‌గార్డుకూ తగలకూడదు. వెనక కూడా 21 రిమ్ము పెట్టి అదే ఎత్తు టైరు వేస్తే వ్యాసార్ధం 38 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చక్రం పైఅంచుకు చోటు ఇవ్వడానికి సీటును కూడా పైకి జరపాలి. ఎక్స్‌పల్స్ సీటు ఎత్తు ఇప్పటికే 820 మిల్లీమీటర్లు దాటింది. రాళ్లలో బండి ఒరిగినప్పుడు కాలు నేలకు అందకపోతే పడిపోవడం తప్పదు. అంతేకాదు, పెద్ద చక్రం పట్టడానికి దాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ పొడుగవుతుంది, బండి పొడుగవుతుంది, ఇరుకు మలుపుల్లో తిప్పడం కష్టమవుతుంది.

వెనక చక్రం చిన్నగా ఉంటే నెట్టు పెరుగుతుందని చాలామంది చెబుతారు. మాట నిజమే. ఇరుసు దగ్గర అదే తిప్పుడు బలం ఉంటే, చిన్న వ్యాసార్ధంతో నేల మీద ఎక్కువ నెట్టు వస్తుంది. పైన చెప్పినట్టు 21 రిమ్ము వేస్తే నెట్టు పదోవంతు పైగా తగ్గుతుంది. కానీ దీన్ని ముఖ్య కారణం అనడం సరికాదు. వెనక చైన్ స్ప్రాకెట్ పళ్లను 44 నుంచి 49కి పెంచితే ఆ లోటు తీరిపోతుంది. స్ప్రాకెట్ మార్చి సరిదిద్దలేనివి టైరు గోడ ఎత్తు, సీటు ఎత్తు, చక్రం గట్టితనం. చిన్న రిమ్ముకు స్పోకులు పొట్టిగా ఉంటాయి, పక్కదెబ్బలకు అంత సులువుగా వంగవు. ఇంజను లాగుడూ బరువూ రెండూ మోసే చక్రానికి ఆ గట్టితనం కావాలి.

ట్రాక్టరు తలకిందులుగా ఎందుకుంది

బేతంచెర్ల చుట్టుపక్కల పొలాల్లో, గనుల్లో తిరిగే ట్రాక్టరును చూసినవాళ్లకు ఈ వాదన మీద అనుమానం రావడం సహజం. దానికి ముందు చిన్న చక్రాలు, వెనక పెద్ద చక్రాలు కదా. ట్రాక్టరు చేసే పని మడకనో ట్రాలీనో లాగడం. లాగే బలమంతా వెనక చక్రాలదే, బరువులో అధిక భాగం కూడా వాటిమీదే. వ్యాసం, వెడల్పు పెరిగితే మట్టిలో పట్టు పెరుగుతుంది, దిగబడడం తగ్గుతుంది. ముందు చక్రాలు దారి తిప్పడానికే. చిన్నగా ఉంటేనే అవి చాసిస్ కింద ఎక్కువ కోణం తిరుగుతాయి. ట్రాక్టరు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటుంది కాబట్టి ముందు చక్రం రాయికి తగిలి ఆగినా ఒరిగి పడదు, వేగమూ తక్కువ. రెండు చక్రాల మీద సమతూకంతో నడుస్తూ గంటకు నలభై, యాభై కిలోమీటర్ల వేగంతో రాళ్లు దాటే బండికి ఆ సదుపాయం లేదు. రెండింటిలోనూ సూత్రం ఒకటే. ఏ చక్రానికి ఏ పని అప్పగించారో దాన్నిబట్టే దాని కొలత ఉంటుంది.

వెనకటి సంగతులు

చక్రాలు సమానంగా ఉండడం సైకిళ్లకు ఎప్పుడూ ఉన్న గుణం కాదు. 1870లలో వాడుకలో ఉన్న ఎత్తు సైకిళ్లకు ముందు చక్రం మనిషి ఛాతీ దాకా ఉండేది. పెడల్ నేరుగా ఆ చక్రానికే బిగించి ఉండడంతో వేగం కోసం చక్రాన్నే పెంచారు. చైనుతో వెనక చక్రాన్ని తిప్పే రోవర్ సేఫ్టీ సైకిల్ 1885లో వచ్చాక ఆ అవసరం పోయింది. తొలి రోవర్ నమూనాలకూ ముందు చక్రం కాస్త పెద్దదే. తర్వాత రెండూ సమానమై, మోటారు సైకిళ్లకు కూడా అదే తీరు సంక్రమించింది. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారై తెలుగునాట పోలీసు ఠాణాల నుంచి పల్లెల దాకా తిరిగిన బుల్లెట్‌కు ముందూ వెనకా 19 అంగుళాల రిమ్ములే.

తేడా చక్రాలు స్థిరపడింది పోటీల్లో. 1968లో యమహా డీటీ-1కు ముందు 19, వెనక 18. బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ 1980లో 21, 18 జతతో వచ్చింది. పెద్ద ఇంజను బండి ఎడారి దాటగలదని నిరూపించింది అదే. ఇవాళ్టి డకార్ ర్యాలీ బళ్లకు 21, 18 జతే ప్రామాణికం. ఆ ర్యాలీలో భారతీయుల ప్రస్థానం ఇటీవలిదే అయినా గర్వించదగ్గది. బెంగళూరు రైడర్ సీఎస్ సంతోష్ 2015లో డకార్ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు. హీరో జట్టు తరఫున 2022లో పోర్చుగల్ రైడర్ జొవాకిమ్ రోడ్రిగెస్ ఒక దశ గెలిచాడు, భారతీయ కంపెనీకి అది తొలి దశ విజయం. 2024లో అదే జట్టు రైడర్ రాస్ బ్రాంచ్ మొత్తం మీద రెండో స్థానంలో నిలిచాడు. ఆ ఏడాదే కేరళ రైడర్ హరిత్ నోవా ర్యాలీ-2 విభాగం గెలిచాడు. అతను నడిపింది షెర్కో టీవీఎస్ జట్టు బండి. ఊళ్లలో 16 అంగుళాల ఎక్సెల్ అమ్మే టీవీఎస్, ఎడారికి 21 అంగుళాల ముందు చక్రమున్న బండి పంపింది. పని మారితే చక్రం మారాలన్నది ఆ కంపెనీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

మన రోడ్ల మీదికి ఈ జత ఆలస్యంగా వచ్చింది. 2011లో హీరో ఇంపల్స్ 19, 17 చక్రాలతో వచ్చింది, ఆదరణ లేక ఆగిపోయింది. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 21, 17తో వచ్చాక జనానికి ఈ తరహా బండి పరిచయమైంది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 సామాన్యుడికి అందే ధరలో 21, 18 జత ఇచ్చింది. రాయలసీమ బాటలకు ఇప్పటిదాకా వచ్చిన బళ్లలో నా లెక్కన అన్నిటికన్నా తగినది అదే. ఇంజను బలం కన్నా చక్రాల ఎంపిక మీద ఎక్కువ శ్రద్ధ పెట్టిన బండి అది.

కొండ సైకిళ్లు

తొక్కే సైకిళ్లలో కూడా ఇదే చర్చ నడిచింది. కానన్‌డేల్ కంపెనీ 1984లో చేసిన తన తొలి కొండ సైకిల్‌కు ముందు 26, వెనక 24 అంగుళాల చక్రాలు పెట్టింది. 2007లో ట్రెక్ 69ఈఆర్ ముందు 29, వెనక 26తో వచ్చింది. రెండూ అప్పట్లో పెద్దగా నిలవలేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీల్లో రెండు చక్రాలూ సమానంగా ఉండాలన్న నియమాన్ని 2019లో సడలించాక, ముందు 29, వెనక 27.5 జత కొండ దిగే పోటీల్లో మామూలైంది. నిటారు దిగుడులో సైకిలిస్టు నడుము వెనక్కి వంచి దాదాపు చక్రం మీదికి వస్తాడు. వెనక చక్రం చిన్నదైతే టైరు ఒంటికి తగలదు. పొట్టివాళ్లకు ఇది మరీ మేలు.

అయితే 29 అంగుళాల సైకిల్‌కు వెనక చక్రం ఊరికే మార్చి పెట్టేస్తే సరిపోదు. వ్యాసార్ధం 19 మిల్లీమీటర్లు తగ్గి సైకిల్ వెనక్కి వాలుతుంది, ఫోర్కు వాలు దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది, పెడళ్లు నేలకు దగ్గరై రాళ్లకు తగులుతాయి. అసలు ఫ్రేమునే తేడా చక్రాలకు తగ్గట్టు చేయాలి.

నడిపేవారికి

మోటారు సైకిల్ విషయంలో ఈ హెచ్చరిక ఇంకా గట్టిగా చెప్పాలి. స్ప్లెండర్‌కో, పల్సర్‌కో ముందు 21 రిమ్ము తగిలించి రాళ్లబాట బండి చేసుకోవాలని కొందరు యువకులు ఉత్సాహపడతారు. ఫోర్కు పొడవు, వాలు, మడ్‌గార్డు సందు, బ్రేకు అన్నీ పాత చక్రానికి లెక్క కట్టినవి. కొత్త చక్రం ఫోర్కు నొక్కుకున్నప్పుడు ఇంజనుకో మడ్‌గార్డుకో తగిలి ఆగిపోతే ప్రాణాపాయం. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బళ్లలో ముందూ వెనకా చక్రాల వేగాలను పోల్చి చూసే లెక్క కూడా తారుమారవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధంగా మార్పులు చేయడం చెల్లదు.

ఏబీఎస్ గురించి ఇంకో మాట. వదులు కంకర మీద వెనక చక్రాన్ని కాస్త బిగపట్టి జార్చడం రాళ్లబాటలో అవసరమైన పని. ఏబీఎస్ దాన్ని ఆపుతుంది. అందుకే హిమాలయన్‌లో 2020 నుంచి వెనక ఏబీఎస్ ఆపే వీలు ఇచ్చారు. ఎక్స్‌పల్స్ 4వీ కొత్త నమూనాల్లో ఏబీఎస్‌కు రోడ్డుకూ రాళ్లబాటకూ వేర్వేరు పద్ధతులు పెట్టారు. దిగుడులో ముందు చక్రం ఏబీఎస్ మాత్రం ఆపకండి.

కొనేముందు మీరు రోజూ తిరిగే దారిని చూసుకోండి. బేతంచెర్ల నుంచి డోన్, నంద్యాల తారు రోడ్డు మీదే ప్రయాణమైతే 19, 17 జత హాయిగా ఉంటుంది, మామూలు 17 అంగుళాల బండి అయినా చాలు. గనులకు, కొండ మీది పొలాలకు రోజూ వెళ్లేవారికి 21, 18 జతే నయం. ఆ జత తీసుకుంటే ఒక ఇబ్బందికి సిద్ధపడాలి. చిన్న ఊళ్ల దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి 17, 18 అంగుళాల టైర్లు. 21 అంగుళాల టైరు అరిగిపోయాక వెతికితే దొరకదు, ముందే తెప్పించి ఉంచుకోవాలి. స్పోకుల చక్రాలు కాబట్టి లోపల ట్యూబులుంటాయి. వదులైన స్పోకులను అప్పుడప్పుడూ బిగించుకోవాలి. కొండ మీదికి వెళ్లేటప్పుడు గాలి పంపు, టైరు తీసే లీవర్లు, రెండు చక్రాలకూ సరిపడే ట్యూబులు వెంట ఉండాలి. ఒక్క ట్యూబుకే చోటుంటే 21 అంగుళాలదే తీసుకెళ్లండి. అవసరానికి దాన్ని 18 అంగుళాల వెనక టైరులో సర్ది నిదానంగా ఊరు చేరవచ్చు. 18 అంగుళాల ట్యూబును ముందు టైరుకు సాగదీస్తే అది నిలవదు.